రాత్రి ప్రయాణమున సీటుబెల్టు

గడచిన మాఘమాసమున బంధువులయింట వివాహము చూచుకొని, రాత్రి పదకొండు గంటలకు సూర్యాపేటనుండి విజయవాడకు కారులో బయలుదేరితిమి. మావారు బండి నడపుచుండిరి. ప్రక్కన మా మరిది. వారిద్దరును సీటుబెల్టులు పెట్టుకొనిరి. వెనుక మా అత్తగారును మేమును కూర్చుంటిమి. పసివాడు మా ఒడిలో నిద్రించుచుండెను. పట్టుచీర నలుగునని మేమును, ఊపిరాడదని అత్తగారును బెల్టుల నంటనైన లేదు. చీకటిలో మమ్మెవరు చూతురను ధైర్యమొకటి!

కొంతదూర మేగునప్పటికి పోలీసులు బండి నాపి, లోపలికి దీపము వేసి చూచి, జరిమానా వ్రాసిరి. మాకు కోపము వచ్చెను. ఈ వేళ ఆడువారిని, వృద్ధులను నిలుపుట మర్యాదయా యని యడిగితిమి. ఆ జవాను శాంతముగా, "అమ్మా, పగలు మాకు భయపడి పెట్టుకొందురు, రాత్రి విప్పివేయుదురు. కునుకుపట్టునదియు, దీపములేక నిలిచిన లారీ కనబడనిదియు రాత్రియే గదా!" అనెను. మాకు మారుమాట దొరకలేదు.

ఇల్లు చేరినపిదప విచారించితిమి. వెనుక కూర్చుండువారును బెల్టు పెట్టుకొనవలెననియే నిబంధన. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టమున దీనికి జరిమానా 1000 రూపాయలు; 14 ఏండ్లలోపు పిల్లలకు బెల్టుగాని, తగిన ప్రత్యేకాసనముగాని ఉండవలెను. ప్రభుత్వపు లెక్కలలో 2022లో బెల్టు పెట్టుకొనక మరణించినవారు 16,715 మంది. అందు 8,331 మంది బండి నడపినవారు కారు, మనవలె కూర్చున్న ప్రయాణికులు.

బండి హఠాత్తుగా నిలిచినను లోపలివారు అదే వేగమున ముందుకు పోవుదురు. తల్లిచేతులెంత బిగించినను బిడ్డను నిలుపజాలవు. వెనుకవారు ముందువారిపై పడి వారి ప్రాణములకును ముప్పు తెత్తురు. ఆ రాత్రి మావారి వెనుకనే అత్తగారు కూర్చుండిరన్న మాట తలచినప్పుడు మా గుండె ఝల్లుమనెను.

సోదరీమణులారా, చీర అడ్డమను మాట నిజము కాదు. క్రిందిపట్టీ కడుపుపై గాక తుంటి యెముకలమీదను, పైపట్టీ భుజముమీదుగా రొమ్మునకడ్డముగను ఉండునట్లు సవరించుకొన్న చాలును. గర్భిణులకును ఇదియే పద్ధతి.

ఇప్పుడు పిల్లవానికి వేరాసనము కొంటిమి. బండి కదలకముందే, "అందరును పెట్టుకొంటిరా?" యని మా అత్తగారే అడుగుచున్నారు. ఆ రాత్రి కట్టిన జరిమానాకు మేమిప్పుడు విచారించుట లేదు.