అడగని మాట

మా అమ్మాయి స్కూల్ టీమ్‌లో బాస్కెట్‌బాల్ ఆడుతుంది. మొన్న అన్నం తింటూ క్యాండేస్ పార్కర్ గురించి చెప్పింది. అమెరికా క్రీడాకారిణి. 2008లో డబ్ల్యూఎన్‌బీఏలో అడుగుపెట్టిన ఏడాదే ఉత్తమ కొత్త క్రీడాకారిణి, అత్యుత్తమ క్రీడాకారిణి అవార్డులు రెండూ తనకే. 2009 మేలో పాప పుట్టింది. ఆ ఏడాదే మళ్లీ కోర్టులో దిగింది. 2016, 2021, 2023లో మూడు వేర్వేరు జట్లలో ఉండి మూడు టైటిళ్లు గెలిచింది. అన్నీ తల్లయ్యాకే! 2024లో ఆట విరమించింది.

"నువ్వెందుకు బీఎడ్ మానేశావమ్మా?" అంది.

"నువ్వు పుట్టావని" అనబోయి నాలిక్కరుచుకున్నాను. తప్పు దానిది కాదుగా! "పాపను నేను చూసుకుంటా, నువ్వెళ్లు" అని ఎవరూ అనలేదు. నేనూ అడగలేదు.

రేపు దానికి బిడ్డ పుడితే, అది అడక్కముందే ఆ మాట నేనంటాను.