స్పానిష్ నేర్చుకోబోయే మనవాళ్లకు

1218 నాటి యూనివర్సిటీ ఉన్న ఊరు సలమాంకా. ఇక్కడ చదువుకుంటూ స్పానిష్ ఏ1 క్లాసుకు వెళ్తున్నాను. స్పెయిన్‌కు చదువుకు రాబోయే మనవాళ్లకు ఒక మాట చెప్పాలనిపించింది. ఈ భాషను ఇంగ్లిష్ మీదుగా కాదు, తెలుగు మీదుగా పట్టుకోండి.

అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. త, ద మన త, దల్లాగే నాలుక పళ్లకు ఆనించి పలకాలి. ‘ఆబ్లో’ అంటే చాలు, మాట్లాడేది నేనేనని క్రియ చివరే చెప్పేస్తుంది, మన ‘మాట్లాడతాను’లాగే. నువ్వు, మీరు తేడా కూడా ఉంది: తూ, ఉస్తెద్. కష్టమల్లా లింగంతోనే. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. అందుకే ‘లా మేసా’, ‘ఎల్ లీబ్రో’ అని జంటగానే కంఠస్థం చేస్తున్నాను.

క్లాసు అయ్యాక ప్లాసా మయోర్ పక్కనున్న మార్కెట్‌కు వెళ్తాను. అక్కడ చాలా కొట్ల ముందు క్యూ కనిపించదు. వచ్చినవాళ్లు ‘కియెన్ ఎస్ ఎల్ ఊల్తిమో?’, చివర ఎవరని అడిగి, వాళ్ల తర్వాత తమ వంతు అనుకుంటారు. నేనూ అడిగాను. ఓ మామ్మగారు చెయ్యెత్తి ‘యో’ అన్నారు. ఎంత సంతోషమేసిందో!

పుస్తకం చదవండి, కానీ రోజూ ఎవరో ఒకరితో ఒక్క వాక్యమైనా మాట్లాడండి. భాష వచ్చేది అలాగే.