జనవరి ఆట, గట్టు మీద మాట

ఏమండోయ్, సంక్రాంతి ఎలా జరిగింది? అరిసెల డబ్బా అడుగుకొచ్చిందా? ఇక్కడ మా ఇంట్లో క్రిస్మస్ చాక్లెట్ల డబ్బా అడుగుకొచ్చింది. ఎవరూ ముట్టనివి ఓ నాలుగు మిగిలాయి. వాటిని కోటు జేబులో వేసుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని, నిన్న పక్కింటి పెద్దాయన వెంట ఫుట్‌బాల్ చూడ్డానికి వెళ్లొచ్చాను. ముక్కు ఇంకా మొహానికే ఉందా అని ఇప్పటికీ తడిమి చూసుకుంటున్నాను. అంత చలి.

ఆగండాగండి. అప్పుడే మెస్సీ, రొనాల్డో అనకండి. నేనుండేది ఐర్లండ్ పడమటి అంచున, మేయో కౌంటీలో. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే గేలిక్ ఫుట్‌బాల్. జట్టుకి పదిహేను మంది. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు, పిడికిలితో గుద్ది పక్కవాడికి అందించొచ్చు. పట్టుకుని నాలుగడుగులు వేశాక మాత్రం నేలకేసి కొట్టాలి, లేదా కాలి మీంచి మళ్లీ చేతుల్లోకి ఎగరేసుకోవాలి. పరిగెత్తుతూ. బురదలో. గోలు స్తంభాలు ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటాయి. అడ్డకర్ర కింద నుంచి పోతే గోలు, దానికి మూడు పాయింట్లు. పైనుంచి పోతే ఒకటి. 2025 నుంచి 40 మీటర్ల గీత అవతల నించుని పైనుంచి కొడితే రెండు. తెల్లకోట్లు వేసుకున్న అంపైర్లు ఒకటికి తెల్లజెండా, గోలుకి పచ్చజెండా, రెండుకి నారింజ జెండా ఎత్తుతారు. ఇంతకుమించి మీకు తెలియక్కర్లేదు. మా పెద్దాయనకి అరవై ఏళ్లుగా అన్నీ తెలుసు. ఏం లాభం? రిఫరీతో ఒక్కరోజూ పడలేదు.

ఇంతకీ నిన్న ఎవరు గెలిచారంటారా? చెప్పను. చెప్పినా దండగే.

ఎందుకంటారా? ఇది జనవరి ఆట. అసలు లీగు నెలాఖరుకి గానీ మొదలవదు. ఆ తర్వాత ఛాంపియన్‌షిప్, దాని ఫైనల్ జూలైలో, డబ్లిన్‌లో, ఎనభై రెండు వేల మంది పట్టే క్రోక్ పార్కులో. ఇప్పుడు ఆడేవన్నీ కాళ్లూ చేతులూ సాగదీసుకునే ఆటలు. అయినా వాటికీ పేర్లున్నాయి, కప్పులున్నాయి. ఉత్తరాన డాక్టర్ మెకెన్నా కప్, దక్షిణాన మెక్‌గ్రాత్ కప్, తూర్పున ఓబర్న్ కప్, మా పడమట ఎఫ్‌బీడీ లీగ్. గెలిస్తే ఒరిగేది లేదు, ఓడితే తరిగేది లేదు. కావాలంటే టైరోన్ వాళ్లనడగండి. 2012 నుంచి 2017 దాకా వరసగా ఆరేళ్లు మెకెన్నా కప్ వాళ్లదే. ఆ ఆరేళ్లలో అసలు కప్పు, అదే సామ్ మెగ్వయర్ కప్పు, ఒక్కసారైనా వాళ్ల గడప తొక్కిందా? లేదు.

మరి చలిలో గజగజలాడుతూ ఎందుకెళ్లావమ్మా అంటారా? ఆట కోసం కాదండీ బాబూ. ఆట అయ్యాక మాట కోసం.

ఐరిష్‌లో ఓ సామెత ఉంది. గట్టు మీదున్నవాడే మేటి ఆటగాడట. ఆ సామెత హర్లింగ్ అనే కర్రబంతి ఆట గురించి పుట్టింది గానీ ఫుట్‌బాల్‌కీ అతికినట్టు సరిపోతుంది. ఇక్కడ పొలానికీ పొలానికీ మధ్య రాళ్లూ మట్టీ పేర్చిన గట్లుంటాయి. దాని మీద మోచేతులానించి ఊరి పిల్లల ఆటని చీల్చి చెండాడ్డం తరతరాల వృత్తి. జీతం లేని ఉద్యోగం. జీతం ఆడేవాళ్లకి మాత్రం ఉందనుకున్నారా? లేదు. నిన్న కాసిల్‌బార్ మైదానంలో బంతి పట్టినవాడు ఇవాళ పొద్దున్నే బళ్లో ఎక్కాలు చెప్తుంటాడు, లేదా ఆవులకి గడ్డి వేస్తుంటాడు. కొనడం, అమ్మడం, వేలంపాట ఏమీ లేవు. ఎవడి కౌంటీకి వాడు ఆడతాడు. అందుకే ఇక్కడ ఆటగాడంటే పోస్టర్‌లో బొమ్మ కాదు, ఎవరో ఒకరి పిల్లాడు.

అసలు మజా అక్కడే ఉంది, వినండి.

జనవరిలో పేరున్నవాళ్లు సగం మంది ఉండరు. కొందరు విశ్వవిద్యాలయాల జట్లకి సిగర్సన్ కప్ ఆడుతుంటారు. ఊరి క్లబ్బు అఖిల ఐర్లండ్ పోటీలో ఇంకా మిగిలుంటే ఆ ఊరివాళ్లు రారు. ఒకడికి మోకాలు, ఇంకొకడు హనీమూన్. దాంతో ముక్కూమొహం తెలియని కుర్రాళ్లు దిగుతారు. గేటు దగ్గర జట్టు జాబితా కాగితం అమ్ముతారు. నేను అమాయకంగా కొన్నాను. కాగితంలో పేరుకీ, చొక్కా మీద నంబరుకీ, ఆ చొక్కాలో ఉన్న మనిషికీ పొత్తు కుదరాలని నియమం లేదని నాకెవరూ చెప్పలేదు మరి. మా పెద్దాయన ఆ కాగితాన్ని మడిచి కిందేసుకుని కూర్చున్నాడు. బల్ల తడిగా ఉందట.

"ఆ ఇరవై ఏడు ఎవరి పిల్లాడు?" అన్నాడు.

అంతే! ముందు వరసలో ముగ్గురు వెనక్కి తిరిగారు. వెనక వరసలో ఇద్దరు ముందుకి వంగారు. బల్లినా వైపు అబ్బాయని ఒకరు. కాదు, తండ్రి మాత్రమే అటు, తల్లిది బెల్ముల్లెట్ అని ఇంకొకరు. తండ్రి ఆడేవాడా? ఆడేవాడు గానీ ఎడమ కాలు ఉత్తదే. అయితే ఈ ఎడమ కాలు ఎక్కణ్నుంచి వచ్చింది? మేనమామది! మేనమామ ఎవరు? అదే, ట్రాక్టర్లు బాగుచేసే అతని తమ్ముడు. ఓహో, వాళ్లా! ఆ నడక చూడు, అచ్చం వాళ్ల తాతదే. పెళ్లిచూపుల్లో కూడా ఇంత విచారణ జరగదండీ. గోత్రం ఒక్కటే అడగలేదు. ఈలోగా అవతల ఓ గోలు పడింది. ఎవరు వేశారో మాలో ఎవరం చూళ్లేదు.

ఇక మధ్య ఆటగాడు. పండక్కి ముందు ఇంత ఉన్నవాడు ఇప్పుడు అంతయ్యాడు. అది వ్యాయామశాల కండా, క్రిస్మస్ పుడ్డింగా? విరామం మొత్తం దీనిమీదే చర్చ. నా ఓటు పుడ్డింగ్‌కి వేశాను. మా గోదారి జిల్లాల్లో భోగినాడు కోడి రంగు చూసి, గడియ చూసి గెలుపు చెప్పే పెద్దమనుషులుంటారే, వాళ్లు గుర్తొచ్చారు. అక్కడ సాయంత్రానికి ఫలితం తేలిపోతుంది. ఇక్కడ జూలై దాకా ఎవరి జోస్యం వాళ్లదే.

తీర్పు చెప్పడానికి ఓ పద్ధతుంది, నేర్చుకోండి, పనికొస్తుంది. మనవాళ్లు గెలిస్తే "జనవరి ఆట, దీన్ని పట్టించుకోకూడదు" అనాలి. అంటూ ఉండగా కళ్లు మెరవాలి. ఓడితే "ఈ వారమంతా కసరత్తులు గట్టిగా చేయించారు, పాపం కాళ్లు లేవడం లేదు" అనాలి. సమానంగా ముగిస్తే "కుర్రాళ్లకి కాస్త అలవాటైంది, అదే పదివేలు" అనాలి. మరి గెలిచిన అవతలి జట్టు? "వాళ్లు అప్పుడే తయారైపోయారు, జూన్ నాటికి నీరసపడతారు." చూశారా? ఎటు తిప్పినా మనమే పైన. సుప్రీంకోర్టు లాయరు కూడా ఇంత బిగువుగా వాదించలేడు.

పొగడ్తకి వస్తే మా వాళ్లు మహా పిసినార్లు. ఆ ఇరవై ఏడో నంబరు కుర్రాడు ముగ్గుర్ని దాటి బంతిని నిక్కచ్చిగా కర్ర మీంచి పంపాడు. నేను లేచి చప్పట్లు కొట్టాను. మా పెద్దాయన గడ్డం గోక్కుని, "మరీ అధ్వాన్నం కాదు" అన్నాడు. మొదట్లో ఈ మాటకి నేను నొచ్చుకునేదాన్ని. తర్వాత అర్థమైంది. మా అత్తగారు నా పులిహోర తిని "పర్లేదు" అంటారే, ఇదీ అదే! అంతకుమించిన బిరుదు ఈ కౌంటీలో ఇంకోటి లేదు.

ఆయన ఇంట్లో ఇంకో చిక్కుంది. వాళ్లావిడ కెర్రీ ఆడపడుచు. కెర్రీ అంటే మాటలా? 2025 దాకా 39 సార్లు అఖిల ఐర్లండ్ కప్పు కొట్టిన కౌంటీ. మరి మా మేయో? మూడు. 1936, 1950, 1951. మా పెద్దాయన పుట్టిందే 1953లో. అంటే కప్పు ఇంటికొచ్చినప్పుడు ఈయనింకా రాలేదన్నమాట. 1989 నుంచి 2021 దాకా పదకొండు ఏడాదుల్లో ఫైనల్ దాకా వెళ్లి ఓడారు. అందులో 1997, 2004, 2006 మూడూ కెర్రీ చేతిలోనే. ఇంత ఘనత ఉన్నావిడ ఎలా మాట్లాడాలి? ఈ ఏడు మీ జట్టెలా ఉందండీ అని గోడమీంచి అడిగాను. "యెర్రా, మావాళ్లేం ఆడతారమ్మా, పిల్లకాయలు" అంది. ఈ యెర్రా అనే మాట మన ఏరాకి చుట్టమనుకునేరు, కాదు. కెర్రీ వాళ్లు నోరు తెరిస్తే ముందొచ్చేది అదే. మన అబ్బే లాంటిది. 39 కప్పులు బీరువాలో పెట్టుకుని అబ్బే అంటారండీ! దానికంటే గొప్పలు చెప్పుకున్నా బాగుండును, తిరిగి ఓ మాట అనే వీలుండేది.

అన్నట్టు, మా గాలిగుమ్మటం కథ చెప్పలేదు కదూ. మా కౌంటీలోనే బెకాన్ అనే చోట పడమటి గేలిక్ ఆటల సంఘం వాళ్లు మైదానం మొత్తానికీ గాలి నింపిన గొడుగు కట్టారు. 150 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు, 26 మీటర్ల ఎత్తు. జనవరి వానకి వాయిదాలు పడకుండా ఎఫ్‌బీడీ ఆటలు అందులో ఆడించారు. వాన లేదు, బురద లేదు. మీరైతే సంబరపడతారు. మావాళ్లు? మొహాలు వేలాడేశారు. మా పెద్దాయన బాధ ఏమిటంటే, లోపల గాలి వీచదు. గాలి లేకపోతే గురి తప్పినప్పుడు నింద ఎవరి మీద వేస్తారు? ఆడలేక మద్దెల ఓడు అందామంటే మద్దెలే లేదు! చివరికి ఆ గాలికే కోపమొచ్చినట్టుంది. 2025 జనవరి 24న ఎయోవిన్ తుపాను వచ్చింది. గంటకి 180 కిలోమీటర్లు దాటిన గాలులు. గుమ్మటం చిరిగి నేలకూలింది. ఆరోజు మా పెద్దాయన విచారంగానే ఉన్నాడు లెండి. కానీ "గాలి లేదన్నారుగా" అని గొణగడం నేను విన్నాను.

ఆ జనవరిలో అసలు ఈ ఆటలే లేవు. ఆటగాళ్లు అలిసిపోతున్నారు, క్యాలెండర్ కిక్కిరిసిపోయిందని ఆ ఏడాదికి ఆపేశారు. సబబే. కానీ మా పెద్దాయన ఆ నెలంతా ఎలా గడిపాడో నాకు తెలుసు. గోడ దగ్గరికొస్తాడు, ఆకాశం చూస్తాడు, మా టీ బాలేదంటాడు, వెళ్తాడు. తీర్పు చెప్పడానికి ఏదో ఒకటి కావాలి కదా మనిషికి. 2026లో మళ్లీ మొదలుపెట్టాక నా టీ రుచి కుదిరింది.

కొత్త నియమాలు కూడా చాలాసార్లు ఈ జనవరి ఆటల మీదే రుద్ది చూస్తారు. 2019లో చేతి పాసులు వరసగా మూడుకి మించకూడదన్నారు. కొద్ది వారాలే. లీగు మొదలయ్యేలోపే తీసేశారు. మా పెద్దాయన మాత్రం వేళ్లు మడిచి లెక్కపెట్టడం మానలేదు. అలవాటైపోయిందట.

ఇక మావాళ్లకి కప్పు రాకపోవడానికి చెప్పే మేయో శాపం గురించి విన్నారా? 1951లో కప్పుతో తిరిగొస్తూ జట్టువాళ్లు ఫాక్స్‌ఫర్డ్‌లో ఓ శవయాత్ర ఎదురైతే ఆగి దణ్ణం పెట్టలేదట. పాదిరీ శపించాడట, ఈ జట్టులో ఒక్కడు బతికున్నా మళ్లీ గెలవరని. ఉత్త కట్టుకథ. ఆధారం లేదు. ఆ జట్టులో చివరి ఆటగాడు 2021 సెప్టెంబరులో, ఆ ఏటి ఫైనల్ కూడా ఓడిన రెండు వారాలకి, కన్నుమూశాడు. అంటే లెక్కప్రకారం శాపం తీరిపోయింది కదా అని నేనన్నాను. మా పెద్దాయన నన్ను జాలిగా చూశాడు. "శాపం తీరింది సరే. ఫార్వర్డ్‌లు ఏరీ?"

ఈ మాటన్న మనిషే నిన్న తిరుగుదారిలో కారులో ఆ ఇరవై ఏడో నంబరు కుర్రాణ్ని జూలైలో క్రోక్ పార్కులో ఏ స్థానంలో ఆడించాలో అద్దం మీది ఆవిరిలో వేలితో గీసి చూపించాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! నేనేమైనా తక్కువ తిన్నానా? మూలకి కాదు, మధ్యకి జరపాలని ఆ బొమ్మ చెరిపి మళ్లీ గీశాను. ఇంటికొచ్చేదాకా వాదనే. ఆ కుర్రాడి పేరు మాత్రం ఇప్పటికీ మా ఇద్దరికీ తెలీదు.

వచ్చే ఆదివారం మళ్లీ ఉంది. వస్తానంటే నా ఫ్లాస్కులో మీకూ ఓ కప్పు పోస్తాను, గొడుగు మాత్రం మీదే. బయల్దేరే ముందు ఓసారి ఫోన్ చేయండి. గడ్డి గడ్డకట్టిపోతే ఆట వాయిదా.