పుల్లదనం మిగలాలి

సెప్టెంబరు మొదటి వారం దాటితే చాలు, నాటింగ్‌హామ్‌లో మా వీధి చివరి ఇళ్ల గేట్ల పక్కన అట్టపెట్టెలు వెలుస్తాయి. పెట్టె నిండా పచ్చటి ఆపిల్ కాయలు. ఒక్కోటి పిడికిలి కంటే పెద్దది. గాలికి రాలి సొట్ట పడ్డవి కొన్ని, పురుగు తొలిచినవి కొన్ని. పైన ఓ కాగితం ముక్క మీద, కావలసినన్ని తీసుకెళ్లండి అని రాసి ఉంటుంది. డబ్బులేసే డబ్బా ఉండదు, అడిగేవాళ్లు ఉండరు. పెరట్లో కాపుకొచ్చిన బ్రామ్లీ చెట్టు ఉంటే ఆ నెలంతా కాయల్ని ఏం చేసుకోవాలో ఇంటివాళ్లకి పాలుపోదు. నేను సంచీ తీసుకునే వెళతాను.

చూడ్డానికి ఆపిలే కదా అని కొరికితే పళ్లు జివ్వుమంటాయి. ఇది వండుకునే కాయ. ఇక్కడి తెలుగువాళ్లకి దీని విలువ త్వరగానే తెలిసిపోతుంది. మంచి పుల్ల మామిడికాయ దొరకనప్పుడు పప్పులోకి, పులిహోరలోకి, ఆఖరికి ఉగాది పచ్చడిలోకి కూడా బ్రామ్లీయే ఆదుకుంటుంది. అవన్నీ నేనూ చేస్తాను. కానీ ఈ కాయ మీద నాకింత మమకారం పుట్టించింది మాత్రం క్రంబుల్. అడుగున పుల్లటి పండ్ల ముక్కలు, పైన మైదా, వెన్న, పంచదార కలిపి నలిపిన పొడిపిండి. రెండూ కలిసి అవెన్‌లో నలభై నిమిషాలు. అంతే వంట. ఇంగ్లండులో ఆదివారం మధ్యాహ్నం భోజనం ముగించి, గిన్నె బల్ల మధ్యన పెట్టుకుని, ఎవరికి వాళ్లు గరిటెతో వడ్డించుకునే తీపి.

ఇన్నేళ్లుగా ఇళ్లలో, పబ్బుల్లో, ఆఫీసు క్యాంటీన్లలో తిన్నాక నాకో గట్టి అభిప్రాయం ఏర్పడింది. క్రంబుల్ పండ్ల వంటకం, పిండివంట కాదు. రెండంగుళాల మందాన పిండి వేసి, అడుగున పండుని పంచదార పాకంలో ముంచేస్తే అది తీపి మీద తీపి. రెండు చెంచాలకే మొహం మొత్తుతుంది. అడుగున పులుపు పులుపుగానే ఉండాలి, పైన తీపి తీపిగానే ఉండాలి, ఆ రెండూ నోట్లోనే కలవాలి. ఈ వంటలో ఉన్న రుచంతా ఆ కలయికే. బెల్లం, చింతపండు కలిసిన పులుసు తిని పెరిగిన నాలుకకి ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అందుకే బ్రామ్లీ. ఈ కాయలో మాలిక్ ఆమ్లం ఎక్కువ, తీపి తక్కువ. ఉడికినా ఆ పులుపు చావదు. తినే ఆపిల్ రకాలు అవెన్‌లో ముక్కలు ముక్కలుగానే నిలుస్తాయి, బ్రామ్లీ వేడి తగలగానే విచ్చుకుని గుజ్జయిపోతుంది. అందుకని నేను ముక్కలు పెద్దవిగానే కోస్తాను, బొటనవేలి మందాన. సగం గుజ్జుగా మారి, సగం ముక్కగా మిగిలితే తినడానికి బాగుంటుంది. తొక్క తీశాక ముప్పావు కిలో ముక్కలకి మూడు పెద్ద చెంచాల పంచదార చాలు. పచ్చి ముక్క ఒకటి పంచదారలో అద్దుకుని తిని చూడాలి. పులుపు ముందు తగిలి, తీపి వెనకాల వస్తే లెక్క సరిపోయినట్టే. దాల్చినచెక్క పొడి చాలామంది వేస్తారు. నేను వెయ్యను. మొదటి ముద్దలో అదొక్కటే తెలుస్తుంది, కాయకున్న సొంత వాసన దాని కింద పడిపోతుంది.

ఈ కాయ పుట్టిల్లు మా ఊరికి దగ్గరే. సౌత్‌వెల్ అనే చిన్న పట్నం, బస్సెక్కితే గంటలోపు ప్రయాణం. 1809లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే అమ్మాయి అక్కడ తన ఇంట్లో ఆపిల్ గింజలు నాటింది. మొలకెత్తిన వాటిలో ఒకటి పెరట్లో చెట్టయింది. తరవాత ఆ ఇల్లు చేతులు మారి మాథ్యూ బ్రామ్లీ అనే మాంసం వ్యాపారి కొనుక్కున్నాడు. 1856లో హెన్రీ మెరీవెదర్ అనే కుర్రాడు, తోటల పెంపకం వాళ్ల కుటుంబం పని, ఆ కాయ చూసి ముచ్చటపడి అంట్లు కట్టుకుంటానని అడిగాడు. కట్టుకో, కానీ కాయకి నా పేరే పెట్టాలి అన్నాడట బ్రామ్లీ. అలా గింజ నాటిన అమ్మాయి పేరు పోయి, ఇల్లు కొనుక్కున్న ఆయన పేరు నిలిచింది. కాయ కోసిన ప్రతిసారీ నాకు ఆమే గుర్తొస్తుంది. గింజ నుంచి మొలిచే ఆపిల్ తల్లిచెట్టులా రాదు, ఏ గింజకి ఏ రుచి వస్తుందో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఇవాళ ఎక్కడున్న బ్రామ్లీ చెట్టయినా అంటుకట్టి పెంచినదే, అన్నిటికీ మూలం ఆ పెరట్లో చెట్టే. 1900లో గాలివానకి అది కూలిపోయి, పడ్డచోటే మళ్లీ వేళ్లూని చిగిర్చింది. ఆ తరవాత చాలాకాలానికి వేళ్లకి శిలీంధ్రం పట్టింది.

ఆపిల్ ఒక్కటే వేసినా క్రంబుల్ క్రంబులే. కానీ సెప్టెంబరులో బ్లాక్‌బెర్రీలు కలపకపోతే ఆ నెలని వృథా చేసుకున్నట్టు. కాలువ గట్ల వెంబడి, పొలాల కంచెల్లో ముళ్లపొదలు నల్లటి పండ్లతో వంగిపోయి ఉంటాయి. కోసుకునేవాళ్లదే పండు. ఒక గుత్తిలో కొసన ఉన్నది ముందు పండుతుంది, తియ్యగా ఉండేదీ అదే. రెండు వేళ్లతో పట్టుకుని కాస్త లాగితే ఊడి రావాలి. పట్టి లాగాల్సి వస్తే ఇంకా పండలేదని వదిలెయ్యాలి. పొదల మొదట్లో పెరిగే నెటిల్ ఆకు తగిలితే చేతులకి దద్దుర్లు లేస్తాయి, కాబట్టి ఎండగా ఉన్నా పొడుగు చేతుల చొక్కా తప్పదు. సెప్టెంబరు 29న వచ్చే మైకేల్‌మస్ పండగ దాటాక బ్లాక్‌బెర్రీ కోయకూడదని ఇక్కడో పాత నమ్మకం. స్వర్గం నుంచి తోసేసిన సైతాను ఈ ముళ్లపొద మీదే పడ్డాడని, ఆ కోపంతో ఏటా ఆ రోజు పండ్ల మీద ఉమ్మేస్తాడని కథ. అక్టోబరు చలికి, తేమకి ఆ పండు నీరుకారి బూజు పట్టడం మాత్రం నేను చూశాను. ఆ కథ చెప్పిన పెద్దవాళ్లు పొదల్ని బాగా ఎరిగినవాళ్లు.

ఇక పైన వేసే పిండి. రెండు వందల గ్రాముల మైదా, అందులో సగం వెన్న, వెన్న కంటే కాస్త తక్కువ డెమెరారా పంచదార, చిటికెడు ఉప్పు, గుప్పెడు ఓట్స్. వెన్న ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినదై ఉండాలి. చిన్న ముక్కలుగా కోసి పిండిలో వేసి, వేళ్ల కొసలతో నలుపుతూ, పైకెత్తి జారవిడుస్తూ పోవాలి. అరచేయి తగలనివ్వకూడదు, దాని వేడికి వెన్న కరిగి పిండి జిడ్డు ముద్దవుతుంది. కాసేపటికి మైదా తెల్లదనం పోయి లేత పసుపు రంగు తిరుగుతుంది, పొడి రవ్వరవ్వగా మారుతుంది, మధ్యమధ్య బఠాణీ గింజంత ఉండలు తగులుతాయి. ఆ ఉండల్ని అలాగే ఉంచాలి. జంతికల పిండిలో వెన్న కలిపి, పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలిచి, వేలితో పొడిస్తే విడిపోతోందా అని అమ్మ చూసేది. ఇక్కడా అదే పరీక్ష, కారణమూ దానికి దగ్గరదే. పిండి రేణువుకి ముందే కొవ్వు పట్టేస్తే తడి లోపలికి పోదు, మైదాకి ఉండే సాగే గుణం బయటపడదు, కాలాక గుల్లగా వస్తుంది. కలిపిన పొడిని పండ్లు కోసేదాకా ఫ్రిజ్‌లో పెడితే ఇంకా మంచిది. పండ్ల మీద చల్లి వదిలెయ్యాలి, చేత్తో అదమకూడదు. అదిమితే ఆవిరి పోయే దారి లేక కింది వరస పచ్చిపిండిగా ఉండిపోతుంది. నూట ఎనభై డిగ్రీల దగ్గర నలభై నిమిషాలు. గిన్నె అంచుల వెంట ఊదారంగు రసం పొంగి, పిండి మీదికెక్కి, అక్కడక్కడా పాకం కట్టి నల్లబడితే దింపెయ్యొచ్చు. ఆ అంచు ముక్క కోసం మా ఇంట్లో పోటీ ఉంటుంది.

ఇంత తక్కువ సరుకుతో అయ్యే వంట కాబట్టే దీనికో కష్టకాలపు చరిత్ర ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో, 1940 జనవరిలో బ్రిటన్‌లో వెన్నకి, పంచదారకి రేషన్ పెట్టారు. యుద్ధం నడిచిన చాలాకాలం మనిషికి వారానికి దక్కిన వెన్న రెండు ఔన్సులు, అంటే యాభై ఆరు, యాభై ఏడు గ్రాములు. పంచదార ఎనిమిది ఔన్సులు. ఆపిల్ పై అనే వంటకం చెయ్యాలంటే పిండికి బోలెడు కొవ్వు పట్టించి, ఒత్తి, కిందా పైనా పరవాలి. దాని బదులు ఉన్న కాస్త మార్గరీన్‌ని పిండిలో నలిపి, చాలకపోతే ఓట్సో రొట్టెపొడో కలిపి పండ్ల మీద చల్లడం గృహిణులకి అందుబాటులో ఉన్న దారి. చెట్టు మీది ఆపిల్‌కి, కంచెలోని బ్లాక్‌బెర్రీకి కూపన్లు అక్కర్లేదు. క్రంబుల్ ఇంటింటి వంట అయింది ఆ రోజుల్లోనే అంటారు. రేషన్ పూర్తిగా ఎత్తేసింది 1954 జులైలో. అంటే యుద్ధం అయిపోయిన తొమ్మిదేళ్లకి. అన్నాళ్లు పిల్లల ముందు వారానికో తీపి గిన్నె పెట్టగలిగిన ఆ తల్లుల మీద నాకు ఎంతో గౌరవం. తరవాత వెన్న, పంచదార కావలసినంత దొరికే రోజులొచ్చినా వాళ్ల వంట పోలేదు, రుచి ఉంది కాబట్టే పోలేదు.

క్రంబుల్‌లో గుడ్డు లేదు. ఈ ఒక్క కారణంతోనే అది ఇక్కడి తెలుగు ఇళ్లలో సులువుగా చోటు సంపాదించుకుంది. అమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడు ఎవరింట ఏ కేకు పెట్టినా చెవిలో మెల్లగా, "ఎగ్గు వేశారేమో కనుక్కోవే" అనేది. క్రంబుల్ దగ్గర ఆ అనుమానం లేదు. పైన పోసుకునే కస్టర్డ్ సంగతేమిటని అడిగింది. దానికీ భయం లేదు. 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన, తన భార్యకి గుడ్డు పడదని, కార్న్‌ఫ్లోర్‌తో గుడ్డు లేని కస్టర్డ్ పొడి తయారుచేశాడు. మనవైపు పెళ్లిభోజనాల్లో ఫ్రూట్ కస్టర్డ్‌గా తినే పొడికి మూలం అదే. అమ్మ వేడివేడి క్రంబుల్ మీద పల్చటి కస్టర్డ్ పోసుకుని తిని, రెండోసారి తనే వడ్డించుకుంది. "పులుపు బావుంది. పైన పంచదార ఇంకాస్త తగ్గించు, బెల్లం పొడి వేసి చూడు" అంది. వేసి చూశాను. డెమెరారా ఇచ్చే కరకర బెల్లం పొడి ఇవ్వదు, వాసన మాత్రం దానికంటే మిన్న. ఇప్పుడు సగం అది, సగం ఇది వేస్తున్నాను.

అక్టోబరు దాటితే బ్లాక్‌బెర్రీలు పోతాయి, ఆపిల్ నిలవ ఉంటుంది. జనవరి చివర్లో బజార్లో రూబార్బ్ కాడలు దిగుతాయి. ఇది పండే కాదు, ఒక మొక్క ఆకు కాడ. ఆకులో ఆక్జాలిక్ ఆమ్లం వగైరా విషం మోతాదు ఎక్కువ కాబట్టి దాన్ని తినకూడదు, కాడ ఒక్కటే వండుతారు. యార్క్‌షైర్‌లో వేక్‌ఫీల్డ్, మోర్లీ, రోథ్‌వెల్ ఊళ్ల మధ్య ప్రాంతం దీనికి పేరు. రెండేళ్లపాటు పొలంలో పెంచిన దుంపల్ని మంచు తగలనిచ్చి, తవ్వి తీసి, వెలుతురు చొరబడని వెచ్చటి కొట్టాల్లోకి మారుస్తారు. చీకట్లో అవి దాచుకున్న బలమంతా పెట్టి కాడల్ని పైకి తోస్తాయి. ఎండ తగలదు కాబట్టి కాడ లేతగా, నిండు గులాబీరంగులో ఉంటుంది. కోత కూడా కొవ్వొత్తి వెలుతుర్లోనే, ఎక్కువ వెలుగు పడితే రంగు, లేతదనం చెడతాయి. మొగ్గ విచ్చుకునేటప్పుడు టప్పుమని శబ్దం కూడా వినపడుతుంది. 2010లో దీనికి ఐరోపా రక్షిత గుర్తింపు దక్కింది. ఒకప్పుడు ఆ కాడల కోసమే సీజన్లో లండన్‌కి ప్రత్యేకంగా రైలు నడిచేది.

రూబార్బ్ పులుపు గోంగూర ఎరిగినవాళ్లకి కొత్త కాదు. ఇక్కడి తెలుగువాళ్లు దాన్ని పప్పులో వేస్తారు, ఎండుమిరపకాయలతో పచ్చడి నూరుతారు. నేను రెండు రకాలుగా పంచుకున్నాను. ఫిబ్రవరిలో వచ్చే గులాబీరంగు కాడ ఖరీదెక్కువ, సున్నితం, అది క్రంబుల్‌కి. రెండంగుళాల ముక్కలు కోసి, నారింజ తొక్క కొద్దిగా తురిమి వేస్తే చాలు. నీళ్లు బాగా వదులుతుంది కాబట్టి అడుగున చెంచాడు కార్న్‌ఫ్లోర్ కలపాలి. ఏప్రిల్, మే నెలల్లో పెరట్లో పెరిగే ముదురు కాడ, పచ్చగా, పీచుగా, మరింత పుల్లగా ఉండేది, అది కందిపప్పుకి.

ఆ తరవాత జూన్‌లో గూస్‌బెర్రీలు. సూపర్‌మార్కెట్లలో కనపడటం అరుదు, శనివారం సంతలో ముసలాళ్లు బుట్టల్లో పెట్టుకుని కూర్చుంటారు. రోమాలున్న పచ్చటి గుండ్రటి కాయ, రెండు కొసలా కత్తెరతో తుంచాలి. పనికి విసుక్కుని చాలామంది కొనరు. పులుపులో ఇది బ్రామ్లీని మించినది, కాబట్టి పంచదార మీద నేను పెట్టుకున్న నియమం ఇక్కడ కొద్దిగా సడలించాలి. మూడు చెంచాలు కాదు, అయిదు. ఓట్స్ బదులు పిండిలో బాదం పలుకులు దంచి వేస్తాను. కస్టర్డ్ వద్దు, చల్లటి మీగడ పోసుకోవాలి. ఒక గిన్నెడు మిగిలితే మర్నాడు పొద్దున గడ్డపెరుగుతో తినండి.