పదహారు కోర్ల కౌలు

'సబ్‌స్క్రిప్షన్ నుంచి వాల్యూ రాబట్టాలి' అని మా ఆఫీసులో గత రెండేళ్లలో విన్నన్నిసార్లు అంతకుముందు పదేళ్లలో వినలేదు. వాల్యూని 'విలువ' అని తెలుగు చేస్తే నీతిశతకం వాసన కొడుతుంది. 'గిట్టుబాటు' అనాలి. వరి గిట్టుబాటు అవుతోందా, పత్తి గిట్టుబాటు అవుతోందా అని అడిగినట్టు, ఈ సాఫ్ట్‌వేర్ గిట్టుబాటు అవుతోందా అన్నదే ప్రశ్న.

సాఫ్ట్‌వేర్ సంగతి కొంచెం చెప్పాలి. ఒక పెద్ద సర్వర్ని పాతికో ముప్ఫయ్యో చిన్న యంత్రాలుగా పంచిపెట్టే పనిని వీఎమ్‌వేర్ అనే కంపెనీ మామూలు సర్వర్ల మీద సాధ్యం చేసి చూపించింది. 1998లో పుట్టిన కంపెనీ. 2003లో వీమోషన్ వచ్చింది: నడుస్తున్న యంత్రాన్ని ఆపకుండానే ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి జరిపేయొచ్చు. మొదటిసారి చూసినప్పుడు నాకు గారడీలా అనిపించింది, ఇప్పటికీ కాస్త అనిపిస్తుంది. అప్పట్లో లైసెన్సు ఒకసారి కొంటే మనదే, ఏటా సపోర్టుకి కొంత కట్టుకుంటే చాలు. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ ఆ కంపెనీని కొంది. ఆ డిసెంబరులోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగిపోయింది. ఇక నుంచి సబ్‌స్క్రిప్షనే, అదీ కోర్ల లెక్కన.

ఎకరాకి ఇన్ని బస్తాలని మాట్లాడుకున్నాక నాట్లు వేసినా, బీడు పెట్టినా కౌలు కౌలే. కోర్ల సంగతీ అంతే. పైగా ప్రాసెసర్‌కి కనీసం పదహారు కోర్లకి కట్టాలి, లోపల ఎనిమిదే ఉన్నా సరే. మా దగ్గర పాత సర్వర్లు పద్దెనిమిది ఉండేవి. ఒక్కోదానిలో రెండు ప్రాసెసర్లు, ప్రాసెసర్‌కి ఎనిమిది కోర్లు. అంటే ఉన్నవి 288 కోర్లు, డబ్బు కట్టేది 576కి. వాటి బదులు 32 కోర్ల ప్రాసెసర్లు రెండేసి ఉన్న సర్వర్లు ఐదు పెట్టుకుంటే 320 కోర్లు, కట్టేదీ 320కే. కొత్త కోర్లు వేగం కూడా ఎక్కువ. కొత్త సర్వర్ల ఖర్చు వేరే ఉంటుంది, నిజమే. కానీ ఈ లెక్క వెయ్యకుండా గిట్టుబాటు గురించి మీటింగులు పెట్టడం ఎందుకో నాకర్థం కాదు. అరగంటలో ఎక్సెల్ షీటులో తేలిపోయే విషయం.

అర్థం కాకపోయినా మీటింగులు పెట్టారు. ఎందుకంటే, ఆ ప్యాకేజీలో చాలా వస్తాయి. యంత్రాల్ని పంచే వీస్ఫియర్, స్టోరేజీకి వీశాన్, నెట్‌వర్క్‌కి ఎన్‌ఎస్‌ఎక్స్, కుబర్నెటీస్, పైనుంచి అన్నీ గమనించే ఆపరేషన్స్, అడిగినవాళ్లకి యంత్రాలు తయారు చేసిచ్చే ఆటోమేషన్. ఎన్‌ఎస్‌ఎక్స్ ఇచ్చే ఫైర్‌వాల్ మాత్రం విడిగా కొనుక్కోవాలి. "అన్నిటికీ డబ్బు కట్టాం కదా, అన్నీ వాడాలి" అన్నది పైవాళ్ల వాదన. పెళ్లిభోజనానికి పొద్దున్నుంచి కడుపు మాడ్చుకుని వెళ్లే మనస్తత్వం ఇది. అవసరం లేని చోట కొత్త పనిముట్టు పెడితే దాన్ని చూసుకోవడానికి మనిషి కావాలి. ఆ మనిషి ఖరీదు ప్యాకేజీలో ఉండదు.

నన్నడిగితే మొదట వాడాల్సినవి ఆ చివరి రెండూ. 2011లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ క్లౌడ్ అంటే ఏమిటో ఐదు లక్షణాలతో నిర్వచించింది. ఎవరి యంత్రం వాళ్లే తీసుకోగలగడం వాటిలో ఒకటి, ఎంత వాడారో కొలత ఉండటం ఇంకొకటి. సొంత డేటాసెంటర్ని ప్రైవేట్ క్లౌడ్ అని పిలుచుకుంటున్న చాలాచోట్ల ఈ రెండూ ఉండవు. మా దగ్గరా లేవు. యంత్రం తయారవడానికి పట్టేది పది నిమిషాలు. అది డెవలపర్ చేతికి రావడానికి మూడు వారాలు, ఎందుకంటే ముగ్గురు మేనేజర్ల అప్రూవల్ మెయిళ్లు రావాలి. మూడు వారాలు పడుతుందని తెలిసినవాళ్లు ఒకటి కావాల్సిన చోట నాలుగు అడుగుతారు, వచ్చినదాన్ని ఎప్పటికీ వదలరు. నేనైనా అంతే చేస్తాను.

పోర్టల్ పెట్టి, ప్రతి యంత్రానికీ తొంభై రోజుల గడువు పెట్టాం. గడువయ్యే ముందు మెయిల్ వెళ్తుంది. కావాలంటే పొడిగించుకోవచ్చు, పట్టించుకోకపోతే యంత్రం ఆగిపోతుంది. దాంతోపాటు ఏ డిపార్టుమెంటు వాటా ఎంతో నెలనెలా పంపడం మొదలుపెట్టాం. బిల్లు కాదు, ఊరికే అంకె. ఆ అంకె చూశాక రెండు డిపార్టుమెంట్లు అడక్కుండానే యంత్రాలు తిరిగిచ్చాయి.

పెద్ద యంత్రాల కథ ఇంకోటి. అప్లికేషన్ టీములు 'సేఫ్‌సైడు' అని పదహారు వర్చువల్ సీపీయూలు అడుగుతాయి, రెండు వాడతాయి. ఆ పదహారూ ఇంచుమించు కలిసే నడవాలి. బస్సులో ఇద్దరికైతే సీట్లు వెంటనే దొరుకుతాయి, పదహారుమందిమి కలిసే కూర్చుంటాం అంటే బస్టాండులో నిలబడాల్సిందే. ఆ నిలబడే సమయాన్ని 'సీపీయూ రెడీ' అనే అంకె చూపిస్తుంది. ఒక రిపోర్టింగ్ సర్వర్ని పదహారు నుంచి నాలుగుకి తగ్గిస్తే వేగం పెరిగింది. "ఏం పెంచారు బ్రో?" అని ఆ టీమువాళ్లు థాంక్స్ చెప్పారు. తగ్గించామని చెప్పినా నమ్మలేదు.

అయితే, పనిముట్టు 'ఖాళీ' అన్నదల్లా ఖాళీ కాదు. మూడొందల రోజులుగా కదలని ఒక యంత్రాన్ని తీసేయమని అది ఎర్రగా చూపించింది. పేరు చూస్తే ఏమీ తెలియలేదు. స్టోరేజ్ చూసుకునే అన్నని అడిగితే తలెత్తకుండానే చెప్పాడు: "గది పేరోల్‌ది తమ్మీ. జూన్‌ల ఫారం పదహారు తీస్తరు దాంట్లకెల్లి." మిగతా ఏడాదంతా అది నిద్రపోతుంది. అలాంటివి ఇంకో తొమ్మిదో పదో ఆయన నోటిలెక్కలో ఉన్నాయి, ఏ డాక్యుమెంటులోనూ లేవు.

స్టోరేజ్ అన్న మా కంపెనీ ఉద్యోగి కాదు, కాంట్రాక్టు మనిషి. పదకొండేళ్లుగా మా స్టోరేజ్ పెట్టెలు ఆయన చేతిలోనే ఉన్నాయి. ఇప్పుడు గిట్టుబాటు లెక్క అక్కడికొచ్చి ఆగింది. సబ్‌స్క్రిప్షన్‌లో కోరుకి ఒక టెబిబైటు చొప్పున వీశాన్ ఉచితంగా వస్తుంది, మాకు 320. ప్రతిదాన్నీ రెండు కాపీలు దాచుకుంటే అందులో సగమే మిగులుతుంది, అయినా మాకు చాలు. సర్వర్లలోనే డిస్కులు పెట్టుకుంటే విడిగా స్టోరేజ్ పెట్టెలు అక్కర్లేదు, వాటికి ఏటా కట్టే ఏఎంసీ అక్కర్లేదు. మొత్తం కసరత్తులో అన్నిటికంటే పెద్ద ఆదా ఇదే. షీటులో ఆ వరసని నేనే రాశాను, అంకె సరైనదే. ఫైనాన్సువాళ్లు ఆ వరస కింద ఇంకో వరస కలిపారు: 'స్టోరేజ్ సపోర్ట్ రిసోర్స్ – 1'. ఏఎంసీ పోతే దానికి కట్టిన మనిషీ పోతాడని వాళ్ల లెక్క.

మా మేనేజరుతో మాట్లాడాను. వీశాన్ చూసుకోవడానికీ ఎవరో ఒకరు ఉండాలి కదా సార్, కొత్తవాడికి నేర్పే బదులు అన్నకే నేర్పిద్దాం, ఏ యంత్రం ఎవరిదో తెలిసిన మనిషి ఇంకెవరున్నారు అన్నాను. ఆయన కాదనలేదు. "ట్రైనింగ్ బడ్జెట్ వేరే హెడ్ కింద వస్తుంది, చూద్దాం" అన్నాడు. ఈ 'చూద్దాం'కి గడువు లేదు, మెయిల్ రాదు. నేను ఆ షీటులో ఫైనాన్సు వరస కింద నా వరస ఒకటి చేర్చాను, వీశాన్ ట్రైనింగు, ఒక మనిషికి, ఖర్చుతో సహా. రెండుసార్లు ఎవరో తీసేశారు. రెండుసార్లూ మళ్లీ పెట్టాను.

ఏఎంసీ మార్చి 31తో అయిపోతుంది. ఆలోపు పాత పెట్టెల్లోని డేటా అంతా కొత్త సర్వర్లకి జరగాలి. యంత్రాలు ఆగకుండానే డిస్కులు జరుగుతాయి కాబట్టి వాడేవాళ్లకి ఏమీ తెలియదు. లోడు తక్కువుంటుందని శనివారం రాత్రుళ్లు చేస్తున్నాం. ఏది ముందు, ఏది తర్వాత, ఏ రెండూ ఒకేసారి జరపకూడదు అన్న వరస అంతా అన్నదే, ఒక పాత నోట్‌బుక్కులో పెన్సిల్‌తో రాసుకొచ్చాడు. పోయిన శనివారం అర్ధరాత్రి దాటాక టీ తాగుతూ, వీశాన్‌లో ఒక డిస్కు పోతే ఏమవుతుంది, రెండో కాపీ ఎక్కడుందో దానికెట్ల తెలుస్తది అని అడిగాడు. తెల్లకాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. కాగితం మడిచి నోట్‌బుక్కులో పెట్టుకున్నాడు.

ఇంకా నలభై టెరాబైట్లు ఉన్నాయి. ఈ శనివారం పేరోల్ యంత్రం వంతు.