ఆటోనగర్ షెడ్డులో అంబాసిడర్ స్టీరింగు

విజయవాడ ఆటోనగర్ పేరు వినగానే లారీ బాడీలు కట్టే షెడ్లు గుర్తుకు వస్తాయి గాని, ఆ వెల్డింగు వెలుగుల నడుమ పాత అంబాసిడర్ కార్లను విప్పి బిగించే చిన్న షెడ్డు కూడా సందర్శకులకు ఎదురవుతుంది. సందర్శన నాడు అక్కడ స్టాండ్ల మీదికి ఎక్కించిన కారు గురించి యజమాని చెప్పిన లోపాలు రెండు: స్టీరింగు చక్రం కొంత తిరిగాక గాని ముందు చక్రాలు కదలడం లేదు, గతుకుల మీద కింది నుంచి టకటకమని చప్పుడు వస్తోంది. ఇలా చక్రానికీ రోడ్డుకూ మధ్య ఏర్పడే వదులును మెకానిక్కులు ‘ప్లే’ అంటారు. ఆ వదులుకు మొదటి కారణం ఇనుములో కాక, ఆ ఇనుమును కప్పి ఉంచే రబ్బరు తొడుగుల్లో ఉంటుందన్నది ఆ షెడ్డు మేస్త్రి అభిప్రాయం; కారు కింద కనిపించిన స్థితి ఆయన మాటనే బలపరచింది.

బ్రిటన్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ నమూనా ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1950ల చివరలో అంబాసిడర్ తయారీని చేపట్టి, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా కర్మాగారంలో 2014 మే దాకా సాగించింది. కలెక్టరు బంగళా ముందు ఆగిన తెల్ల కారుగా తెలుగు జిల్లాలు ఎరిగిన ఈ బండి, ఆనాటి బరువైన కార్లలో చాలావాటికి లేని ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగును మోరిస్ నుంచి వారసత్వంగా పొందింది. స్టీరింగు కడ్డీ చివర ఉండే చిన్న పళ్ల చక్రం పినియన్. అది తిరిగినప్పుడు గొట్టంలో కుడి ఎడమలకు జరిగే పళ్ల కమ్మీ ర్యాకు. ఆ కమ్మీ రెండు కొసలకూ తగిలించి ఉండి చక్రాలను తోసే, లాగే కడ్డీలు టై రాడ్లు. ర్యాకు కొసలో ఒక గుండు కీలు, చక్రం వైపున మరొక గుండు కీలు ఉంటాయి గనుక చక్రం గుంతలో దిగినా లేచినా టై రాడ్డు విరగకుండా కోణం మార్చుకోగలుగుతుంది. లోపలి కీలును హార్మోనియం తిత్తి వంటి మడతల రబ్బరు గొట్టం కప్పుతుంది, దాన్ని బెలోస్ అంటారు. బయటి కీలుకు గ్రీజును పట్టి ఉంచే చిన్న రబ్బరు టోపీ ఉంటుంది, దాన్ని బూటు అంటారు.

ఈ తొడుగుల పని దుమ్మును ఆపడం ఒక్కటే అనుకోవడం పొరపాటు. ఆ కాలపు బ్రిటిష్ ర్యాకులు చాలావరకు గ్రీజుతో గాక చిక్కటి గేరు ఆయిలుతో పనిచేసేవి. ఆ ఆయిలును ర్యాకు గొట్టంలో నిలిపి ఉంచేవి రెండు వైపుల బెలోసే. అందులో ఒకటి చిరిగితే ఆయిలు కారిపోతుంది, దాని చోటులోకి వాననీరూ ఇసుకా చేరి మిగిలిన జిడ్డుతో కలిసి పళ్లను అరగదీసే ముద్దగా మారతాయి. ఖరీదులో అతి స్వల్పమైన భాగం చిరిగిపోయి, దొరకడమే కష్టమైన ర్యాకును చెడగొట్టడం ఈ విధంగా జరుగుతుంది.

రబ్బరు ఎందుకు పగులుతుందన్నది ఇక్కడ ఆగి చూడవలసిన విషయం. సహజ రబ్బరుకు గంధకం కలిపి వేడిచేసి గట్టిపరచే వల్కనీకరణ విధానానికి అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో పేటెంటు పొందాడు. కాని ఆ ప్రక్రియ తరువాత కూడా రబ్బరు అణుగొలుసుల్లో ద్విబంధాలు మిగిలే ఉంటాయి, గాలిలోని ఓజోన్ వాటినే తెంచుతుంది. సాగదీసి ఉన్న రబ్బరు మీద ఈ తెంపు మరింత వేగంగా సాగి, సాగిన దిశకు అడ్డంగా పగుళ్లు పడతాయి గనుక బెలోస్ సాధారణంగా మడతల అంచుల దగ్గరే విచ్చుకుంటుంది. దీనికి తోడు ఇంజను నుంచి చుక్కచుక్కగా కారే ఖనిజ తైలం సహజ రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. పాత అంబాసిడర్ ఇంజను ఆయిలు కార్చకుండా ఉండటమన్నది ఏ మేస్త్రీ పూచీ ఇచ్చే విషయం కాదు. అందుకే ఓజోన్‌నూ తైలాన్నీ కొంతమేర తట్టుకునే నియోప్రీన్ రకపు కృత్రిమ రబ్బరు ఈ చోటుకు మేలైనది. తైలాన్ని ఇంకా బాగా ఓర్చుకునే నైట్రైల్ రబ్బరు ఓజోన్ ముందు బలహీనపడుతుంది గనుక, ఆయిలుకు మంచిదన్న ఒక్క కారణంతో దానిని ఎంచుకోవడం తగదు.

ఇక్కడే పాత కార్ల అభిమానుల నమ్మకం ఒకటి సందేహాస్పదమవుతుంది. పాత దుకాణంలో సీలు విప్పని అసలు కంపెనీ భాగం దొరికితే వారు దాన్ని నిధిలా భావిస్తారు; ఇనుప భాగాల విషయంలో అది సమంజసమే కావచ్చు గాని, రబ్బరు పెట్టెలో ఉన్నా దానికి వయసు మీదపడుతూనే ఉంటుంది, మడిచి పెట్టిన చోట మరీ త్వరగా. షెడ్డులో అటువంటి బెలోస్‌ను మేస్త్రి వేళ్లతో వంచి చూపగానే మడతలో సన్నటి గీతలు తేలాయి. దాన్ని పక్కన పెట్టి, ఆయన కొత్తగా పోతపోసిన తొడుగును మూడు కొలతలతో సరిచూశాడు: పెద్ద మూతి, చిన్న మూతి, పూర్తిగా సాగినప్పటి పొడవు. మూడవ కొలత తప్పితే చక్రాలు చివరిదాకా తిరిగినప్పుడు మూతి క్లిప్పులోంచి ఊడి వస్తుంది.

విప్పే పద్ధతిలోనూ జాగ్రత్త అవసరం. చక్రం వైపు గుండు కీలును, అంటే బాల్ జాయింటును, ఊడదీయడానికి కొందరు వాడే కొమ్ముల ఉలి బాగున్న బూటును కూడా చీల్చేస్తుంది. అందువల్ల నట్టును కొన్ని మరలపై వదులుగా ఉంచి, జాయింటు దూరిన స్టీరింగు చేతి కన్నాన్ని రెండు పక్కల నుంచి రెండు సుత్తులతో ఒకేసారి కొట్టడం ఇక్కడి పద్ధతి. ఆ దెబ్బకు కొనదేరిన పిన్ను తన పట్టు వదులుతుంది. జాయింటులో వదులు లేకపోతే బూటు మాత్రమే మారుస్తారు, వదులుంటే జాయింటునే తీసేస్తారు. అరిగిన కీలుకు కొత్త టోపీ తొడగడం లోపాన్ని దాచడమే.

కొత్త బెలోస్ ఎక్కించాక ఆయిలును కొలత ప్రకారమే పోయాలి. గ్రీజు నిపిల్ కనిపించింది గదా అని గ్రీజు గన్ను పెట్టి కొడితే ర్యాకు కదిలినప్పుడు గ్రీజుకు పోయే దారి లేక తొడుగు పగులుతుంది. టై రాడ్డును ఎన్ని చుట్లు తిప్పి విప్పారో లెక్కపెట్టి అన్నే చుట్లు బిగించినా అది బండిని అలైన్‌మెంటు షెడ్డు వరకు నడపడానికి మాత్రమే పనికివస్తుంది. అక్కడ చక్రాల ముందు, వెనుక అంచుల మధ్య దూరాలను సరిచేయడానికి టై రాడ్డును తిప్పే ముందు బెలోస్ బయటి క్లిప్పును వదులు చేయకపోతే, కొత్త రబ్బరు మెలిపడి అదే బిగువులో ఉండిపోతుంది. ఆ క్లిప్పును చివర బిగించమని చెప్పే చీటీని మేస్త్రి స్టీరింగు చక్రానికి దారంతో కట్టి బండిని పంపించాడు.