కాటా ఎక్కిన ఇల్లు

మగ్గాల మధ్య బతికినవాడికి బరువు మీద ఒక అనుమానం ఎప్పుడూ ఉంటుంది. పడుగుకు గంజి పట్టిస్తాం. గంజి లేకపోతే దారం మగ్గం మీద నిలవదు, పటుక్కున తెగుతుంది. కానీ అదే గంజి మోతాదు మించితే గుడ్డ చేతికి బరువుగా, దట్టంగా తగులుతుంది. ఒక్క ఉతుకు పడ్డాక అసలు సంగతి బయటపడుతుంది. మా కార్ఖానాకు వచ్చే పాత వ్యాపారి ఒకాయన ఒక తువ్వాలు పట్టుకుపోయి, ఉతికి, ఆరేసి, అప్పుడు తూచి ధర మాట్లాడేవాడు. ఆయన్ని చూసి మేం నవ్వుకునేవాళ్లం గానీ, ఆయనకు సరుకు అంటగట్టడం ఎవరివల్లా అయ్యేది కాదు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, ఆరు నెలలు అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలో మా బిడ్డ దగ్గర ఉండి వచ్చాం. అక్కడ చూసినవాటిలో నాకు బాగా గుర్తుండిపోయింది ట్రావెల్ ట్రైలర్ అనే బండి. దానికి ఇంజను ఉండదు. కారు వెనక కొక్కేనికి తగిలించి లాక్కుపోతారు. లోపల మంచాలు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, ఏసీ, స్నానాల గది, సండాసు అన్నీ ఉంటాయి. సెలవులు రాగానే పిల్లాజెల్లాతో ఏ చెరువు గట్టుకో, అడవికో పోయి, బండి నిలబెట్టి, నాలుగు రోజులు అందులోనే వండుకుని తిని వస్తారు. నడిచేటప్పుడు మాత్రం అందులో మనుషులు కూర్చోవడానికి చాలా రాష్ట్రాల్లో ఒప్పుకోరు. అందరూ ముందు కారులోనే కూర్చోవాలి.

మా అల్లుడికి ఆ బండి మీద మనసు పడింది. షోరూములో ఒకటి చూసి పెట్టుకున్నాడు. ధర 34 వేల డాలర్లు, 15 ఏళ్ల హప్తాలు. "మామయ్యా, మీరూ చూడండి, మెషీన్ల పని తెలిసినవారు గదా" అన్నాడు. జాబరు పని చేసి రిటైరైన మనిషికి అంతకంటే మర్యాద ఏముంటుంది? పోయాను.

పైకి చూస్తే పెళ్లికూతురే. గోడలు నున్నగా, లైట్లు జిగేలుమంటూ, మీట నొక్కితే ఒక పక్క గోడ బయటికి జరిగి గది పెద్దదవుతుంది. దాన్ని స్లైడ్ అంటారు. నేను మాత్రం మంచం పలక లేపి కిందికి చూశాను. రంపపు పొట్టు అక్కడే ఉంది, ఊడ్చినవాడు లేడు. నీళ్ల పైపు ఒకటి పట్టీ లేకుండా వేలాడుతోంది. అల్మరా తలుపు పట్టుకుంటే బందు కదిలింది. లోపలి చట్రం చాలాచోట్ల స్క్రూలతో కాదు, గాలి తుపాకీతో కొట్టిన స్టేపుల్ పిన్నులతో నిలబడి ఉంది. ఇల్లయితే ఒకచోట కదలకుండా ఉంటుంది, పిన్నులైనా సరిపోతాయేమో. ఈ ఇల్లు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో గతుకుల మీద ఎగురుతూ పోవాలి. మన మగ్గం నట్లే రోజంతా దడదడకు వదులైపోతాయి. ఇక పిన్నుల సంగతి చెప్పేదేముంది?

గోడ తట్టి చూశాను. డొల్ల చప్పుడు. పైన ఫైబర్ గ్లాసు రేకు, దాని వెనక అట్టంత పల్చని ప్లైవుడ్, నడుమ థర్మకోల్ లాంటి దిమ్మ, మొత్తాన్ని జిగురుతో అతికించి నొక్కుతారు. తేలిగ్గా ఉంటుంది, ఎండ చలి కొంత ఆపుతుంది. అతుకు గట్టిగా ఉన్నంతకాలం మంచి పనే. నీళ్లు దూరితేనే తంటా. పైకప్పు మీద రబ్బరు పట్ట లాంటిది పరిచి, అంచులకూ, గొట్టాల చుట్టూ లప్పం పూస్తారు. ఆ లప్పాన్ని ఏడాదికి రెండుమూడుసార్లన్నా ఎక్కి చూసుకుని, పగిలినచోట మళ్లీ పూసుకోవాలి. చూసుకోకపోతే వాన చుక్క లోపలికి దిగి ప్లైవుడ్ కుళ్లుతుంది, జిగురు వదిలి గోడ పూరీలా పొంగుతుంది. అప్పుడు బాగుచేయించే ఖర్చు చాలాసార్లు బండి ధరకు దగ్గరగా పోతుంది.

"గ్యారంటీ ఎంతకాలం బాబూ?" అని అడిగాను.

"ఏడాది, మామయ్యా."

ఏడాది గ్యారంటీ ఉన్న వస్తువుకు 15 ఏళ్ల హప్తా. నేనేమీ అనలేదు. మా బిడ్డే మొగుడి మొహం చూసింది.

వాళ్ల పక్కింట్లో ఒక ముసలాయన ఉంటాడు. లారీ నడిపి రిటైరయ్యాడు. ఆయన దగ్గర 12 ఏళ్ల నాటి ట్రైలర్ ఒకటి ఉంది. ఆయన చెప్పిన మాట మా బిడ్డ నాకు తెలుగులో చెప్పింది: "కొనే ముందు ఒక శనివారం నా బండి తగిలించుకుని పోండి. కానీ పోయే ముందు తూచండి."

అమెరికాలో కూడా హైవేల పక్కన లారీలు ఆగేచోట మన ధర్మకాటా లాంటిదే ఉంటుంది. ముందు చక్రాల బరువు వేరు, వెనక చక్రాలది వేరు, ట్రైలర్ చక్రాలది వేరుగా చూపించి చీటీ ఇస్తారు. ఒకసారి ట్రైలర్ తగిలించి తూచాలి, ఇంకోసారి విప్పి కారు ఒక్కటే తూచాలి. కారు రెండు బరువుల మధ్య తేడాయే కొక్కెం మీద పడే బరువు.

ఇది ఎడ్లబండి చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. బరువంతా ముందుకు వేస్తే నొగ కిందికి ఒరిగి ఎద్దుల మెడలు విరుగుతాయి. వెనక్కి వేస్తే కాడి పైకి లేచి ఎద్దుల గొంతుకు పట్టేస్తుంది. ట్రైలర్‌కూ అంతే. మొత్తం బరువులో 100కు 10 నుంచి 15 వంతులు కొక్కెం మీద ఉండాలి. అంతకు తగ్గితే ట్రైలర్ తోక పాములా మెలికలు తిరిగి కారును కూడా రోడ్డు మీద నుంచి ఈడ్చేస్తుంది. పెరిగితే కారు వెనక్కి కూలబడి ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగు, బ్రేకు మాట వినవు.

మా చీటీ లెక్క ఇది. అల్లుడి కారు 3,400 కిలోల బండిని లాగగలదని కంపెనీ కాగితం. ట్రైలర్ ఖాళీ బరువు దాని కాగితంలో 2,150 కిలోలు. ఈ రెండంకెలూ పక్కపక్కన పెడితే ఎవరైనా "ఇంకా బోలెడు జాగా ఉంది" అంటారు. షోరూము మనిషి కొత్త బండికి చెప్పిందీ ఇలాంటి లెక్కే. కాటా మీద మాత్రం ట్రైలర్ 2,560 కిలోలు తూగింది. 410 కిలోలు ఎక్కడి నుంచి వచ్చాయి? బ్యాటరీ, ట్యాంకులో 110 లీటర్ల నీళ్లు, గిన్నెలు, పరుపులు, కుర్చీలు, తిండి సామాను, మా ఇంటామె మోయించిన రోలు. ఖాళీ బరువు అంటే కార్ఖానా గుమ్మం దాటేటప్పటి బరువు. సంసారం పెట్టాక ఆ అంకె ఉండదు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభానికి ఒక చిన్న చీటీ అతికించి ఉంటుంది. ఈ కారు లోపల మనుషులూ సామానూ కలిపి ఎంత మోయాలో అందులో రాసి ఉంటుంది. అల్లుడి కారుకు 630 కిలోలు. మేం ఐదుగురం కలిపి 290, సామాను 60, కొక్కెం ఇనుప సరంజామా 40. ట్రైలర్ ముక్కు కారు మీద మోపిన బరువు 330. కూడితే 720. అంటే 90 కిలోలు ఎక్కువ. లాగే బలం ఉంది, మోసే బలం లేదు. ఆ కారు వెనక సీట్లో ఏడేళ్ల మనవడు కూర్చుని ఉన్నాడు.

మా అల్లుడు చీటీ చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఆ రోజు ట్యాంకు నీళ్లు వదిలేసి, సామాను సగం దింపి, దూరం పోకుండా దగ్గరి చెరువు దాకా పోయి వచ్చాం. రోలు కూడా ఇంటికే పోయింది.

తరవాత ఒక ఆదివారం ఎల్కార్ట్ అనే ఊరికి తీసుకుపోయాడు. అమెరికాలో తయారయ్యే ఇలాంటి బండ్లలో చాలావరకు ఆ ఊళ్లో, దాని చుట్టుపక్కలే తయారవుతాయి. చద్దర్లకు మన షోలాపూర్ ఎలాగో, ఈ బండ్లకు ఆ ఊరు అలాగ. అక్కడ పాత ట్రైలర్ల మ్యూజియం ఉంది. 1913లో చేసిన ట్రైలర్ కూడా ఉంది. వాలీ బైయమ్ అనే ఆయన మొదలుపెట్టిన ఎయిర్‌స్ట్రీమ్ బండ్ల గురించీ అప్పుడే తెలుసుకున్నాను. 1936లో వచ్చిన క్లిప్పర్ దగ్గర నుంచి అల్యూమినియం రేకులను విమానం పొట్టలా రివెట్లు కొట్టి చేస్తున్నారు. తేలికైన బండి గట్టిగా ఉండకూడదని ఏమీ లేదన్నమాట. కాకపోతే అంత చేతిపనికి ధర కూడా అలాగే ఉంటుంది, మామూలు వాళ్లకు అందదు.

మామూలు వాళ్లకు అందేలా చేయాలంటే ఏం చేస్తారు? జనానికి పెద్ద లారీల్లాంటి బండ్లు ఉండవు, కాబట్టి ట్రైలర్ తేలిగ్గా ఉండాలి. అదే జనానికి జరిగే గోడలు, పెద్ద ఫ్రిజ్, టీవీ కావాలి. అవి బరువు. ఆ బరువును ఎక్కడో ఒకచోట తగ్గించాలి. చూపుకు ఆనని చోట తగ్గిస్తారు. చట్రం పల్చనవుతుంది, ప్లైవుడ్ పల్చనవుతుంది, స్క్రూ పోయి పిన్ను వస్తుంది. మనవైపు బట్టకు లేని బరువు చూపిస్తారు. అక్కడ బండికి ఉన్న బరువు తక్కువ చేసి చూపిస్తారు. రెండుచోట్లా నష్టపోయేది కొన్నవాడే.

ఆ పక్కింటి ముసలాయన లారీ ఎక్కక ముందు ఎల్కార్ట్ కార్ఖానాల్లో కొన్నేళ్లు పనిచేశాడట. ఆయన చెప్పింది వింటే నాకు మన వాడలో కూర్చున్నట్టే అనిపించింది. అక్కడ చాలా కార్ఖానాల్లో జీతం పీస్ రేటు. ఒక గుంపు రోజుకు ఇన్ని బండ్లు చేయాలి. తెల్లవారకముందే మొదలుపెడతారు. లెక్క పూర్తయితే మధ్యాహ్నానికే ఇంటికి పోవచ్చు. అందుకని నడవరు, పరుగెత్తుతారు. ఒక పిన్ను పక్కకు పడిందని ఆగితే గుంపంతా ఆగాలి, అందరి పగారూ ఆగుతుంది. ఎవరు ఆగుతారు? కరోనా తరవాత గిరాకీ విపరీతంగా పెరిగి, 2021లో ఒక్క ఏడాదే ఆరు లక్షల బండ్లు కార్ఖానాల నుంచి బయటికి పోయాయి. 2023కల్లా అది దాదాపు సగానికి, మూడు లక్షల పైచిలుకుకు పడిపోయింది. ఎక్కువ పని ఉన్నప్పుడు పరుగు, లేనప్పుడు ఇంట్లో కూర్చోవడం. ఈ కథ మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మా అల్లుడు మొదట "ఇక్కడి పనివాళ్లకు శ్రద్ధ లేదు మామయ్యా" అన్నాడు. ఆ ఒక్క మాట దగ్గర నేను ఊరుకోలేదు. "నీకు నాలుగు మగ్గాలు అప్పజెప్పి, మీటరుకు ఇంత అని చెప్పి, డాగు పడితే కోస్తామంటే నీ చేయి ఎట్లుంటదో చెప్పు బిడ్డా" అన్నాను. రెండు మగ్గాలు చూసుకునేటప్పుడు తెగిన పోగు కంటికి కనిపించేది. ఆరు మగ్గాలు ఇచ్చినప్పుడు అదే కన్ను, అదే మనిషి, గుడ్డ మాత్రం వేరు. పనివాడి శ్రద్ధ ఎక్కడికీ పోలేదు. దానికి రేటు కట్టలేదు, అంతే. మంచం కింద పొట్టు ఊడ్చే అర నిమిషానికి ఎవరూ డబ్బులివ్వరు.

అక్కడ అన్నీ తప్పే అనడం లేదు. ఆ బండ్లకు గ్యాసు, కరెంటు, నీళ్ల గొట్టాలు, మంటల విషయంలో కట్టుబాట్లు ఉన్నాయి. తలుపు పక్కన ముద్ర చీటీ కూడా అతికించి ఉంటుంది. ఎంత సామాను మోయవచ్చో రాసి ఉంటుంది. కానీ ఆ ముద్ర చూసి అల్మరా బందు గట్టిదనీ, కప్పు కారదనీ అనుకుంటే పొరపాటు. అది చూసుకోవాల్సింది కొనేవాడే.

చివరికి షోరూము బండి తీసుకోలేదు. నాలుగు నెలలు వెతికి, జరిగే గోడ లేని చిన్న పాత బండి ఒకటి కొన్నారు. కాటా మీద సామానుతో సహా 1,500 కిలోలు దాటదు. కొనకముందు నిచ్చెన వేసుకుని కప్పు చూశారు, మూలలు బొటనవేలితో నొక్కి చూశారు, వాన పడిన మర్నాడు పోయి లోపల వాసన చూశారు. ఆ ఆఖరి ఉపాయం మా బిడ్డది. హప్తా లేదు, రొక్కం ఇచ్చారు. "బాపూ, రోలు పట్టుకుపోవచ్చు ఇగ" అని ఫోన్లో నవ్వింది.

మనం ట్రైలర్లు కొనేవాళ్లం కాదు, నిజమే. కానీ పండుగకు ఊరికి పోయే రాత్రి బస్సు ఎక్కుతాం. పిల్లలు పై బెర్తుల మీద పడుకుంటారు, కింద డిక్కీలో గుడ్డ బేళ్లు పోస్తారు, టాపు మీద ఇంకొన్ని కడతారు. ఆ బస్సు ఎంత మోయాలి, ఎంత మోస్తోంది అని అడిగినవాళ్లను నేను ఇంతవరకు చూడలేదు. ఈసారి ఎక్కే ముందు ఆగి టాపు వైపు చూడండి. వెనక కిటికీ తెరుచుకుంటుందో లేదో చేత్తో తోసి చూడండి. డ్రైవరు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.